అయిదు వందల డాలర్ల పద్దు: 1892లో అల్లెఘెనీ క్లబ్బు ఫుట్‌బాల్ సీజన్

1892లో అమెరికాలో అల్లెఘెనీ అథ్లెటిక్ అసోసియేషన్ అనే క్లబ్బు ఒక ఆటగాడికి 500 డాలర్లు ఇచ్చిందని, ప్రపంచంలో మొదటి ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ జట్టు అదేనని ఎక్కడో చదివానన్నారు. స్కోరు 4-0 అని చూసి, అమెరికన్ ఫుట్‌బాల్‌లో నాలుగు పాయింట్లు ఎలా వస్తాయని అడిగారు. కాలేజీ జట్టు కాదు, కంపెనీ జట్టు కాదు, మరి ఈ క్లబ్బులు ఎవరివి? డబ్బు ఇస్తే ఇచ్చారు, దాన్ని అంత గుట్టుగా ఎందుకు ఉంచారు? ఇవీ మీ సందేహాలు.

ముందే ఒక మాట. మొదటి ప్రొఫెషనల్ ఆటగాడు అంటే ఒప్పుకుంటాను. మొదటి ప్రొఫెషనల్ జట్టు అంటే మాత్రం ఒప్పుకోను. ఎందుకో తెలియాలంటే ఆ సీజన్ గురించి కాస్త వివరంగా చెప్పుకోవాలి. ఓపిక పట్టండి.

నేను పిట్స్‌బర్గ్‌లో ఉండబట్టి ఇరవై ఏళ్లు దాటింది. ఇక్కడ పెన్ హిల్స్‌లో వెంకటేశ్వరస్వామి గుడి ఉంది కాబట్టి అమెరికాలో ఉన్న తెలుగువాళ్లు చాలామంది ఒక్కసారైనా ఈ ఊరు వచ్చే ఉంటారు. దర్శనం చేసుకుని డౌన్‌టౌన్ వైపు వస్తే నదికి అవతలి ఒడ్డున ఈ ఊరి ఫుట్‌బాల్ జట్టు స్టీలర్స్ స్టేడియం కనిపిస్తుంది. ఆ వైపంతా ఇప్పుడు నార్త్ సైడ్ అంటారు. 1907 దాకా అది పిట్స్‌బర్గ్ కాదు, అల్లెఘెనీ అనే వేరే ఊరు. మేయరు వేరు, మునిసిపాలిటీ వేరు, పౌరుషం వేరు. మీరు అడిగిన క్లబ్బు ఆ ఊరిది. దానికి బద్ధ విరోధి నదికి ఇవతల ఉన్న పిట్స్‌బర్గ్ అథ్లెటిక్ క్లబ్బు. పేర్లు కలగాపులగం కాకుండా మొదటిదాన్ని అల్లెఘెనీ అని, రెండోదాన్ని పిట్స్‌బర్గ్ క్లబ్బు అని అంటాను.

అథ్లెటిక్ క్లబ్బు అనగానే ఇప్పటి జిమ్ లాంటిది అనుకోకండి. ఊళ్లో డబ్బూ పరపతీ ఉన్న కుటుంబాల వాళ్లు చందాలు కట్టి నడుపుకునే సంఘం అది. వ్యాయామశాల ఉంటుంది, పరుగు పందేలుంటాయి, సాయంత్రం కూర్చుని కబుర్లు చెప్పుకోవడానికి ఒక భవనం ఉంటుంది. పెద్ద కాలేజీల్లో ఫుట్‌బాల్ ఆడి వచ్చిన కుర్రాళ్లకు ఇంటికొచ్చాక ఆట వదలబుద్ధి కాదు. ఆడదామంటే జట్టు లేదు. యేల్‌లో కలిసి చదువుకున్న జాన్ మూర్‌హెడ్, ఓ.డి. థాంప్సన్ 1890లో అల్లెఘెనీలో జట్టు పెట్టింది అలాగే. పిట్స్‌బర్గ్ చుట్టుపక్కల అదే మొదటి ఫుట్‌బాల్ జట్టు. ఈస్ట్ ఎండ్ జిమ్నాజియం అనే పేరుతో మొదలైన పిట్స్‌బర్గ్ క్లబ్బు ఎక్కువ రోజులు చూస్తూ కూర్చోలేదు, తనూ జట్టు దింపింది. ఇద్దరూ ఒకే రకం మనుషులు, ఒకే రకం వ్యాపారాలు, అవే పెళ్లిళ్లు, అవే విందులు. అందుకే పోటీ కూడా దాయాదుల పోటీ లాగా ఉండేది.

ఇక డబ్బు సంగతి. 1888లో అమెచ్యూర్ అథ్లెటిక్ యూనియన్ అనే సంస్థ ఏర్పడింది. ఆటకు డబ్బు పుచ్చుకున్నవాడు అమెచ్యూర్ కాడు, అలాంటివాణ్ణి ఆడించే క్లబ్బుకు కూడా పోటీల్లో చోటుండదు అన్నది దాని సూత్రం. పెద్దమనిషి ఆట కోసం ఆడతాడు, డబ్బు కోసం ఆడేవాడు కూలివాడు అనే ఈ ఆలోచన ఇంగ్లండు నుంచి దిగుమతైంది. ఇందులో నీతి కంటే డాంబికమే ఎక్కువని నా అభిప్రాయం. శనివారం పూట పని మానుకుని ఊరికే ఆడగల వెసులుబాటు ఎవరికుంటుంది? ఉన్నవాడికే కదా.

సూత్రం ఎంత గట్టిదైతే దొడ్డిదారులు అన్ని ఉంటాయి. నాకు బాగా నచ్చిన దొడ్డిదారి గడియారం. మ్యాచ్ అయ్యాక ఆటగాడికి బహుమతిగా ఒక బంగారు గడియారం ఇస్తారు. బహుమతి పుచ్చుకోవడం తప్పు కాదు. అతను దాన్ని తీసుకెళ్లి తాకట్టు కొట్లో పెట్టి ఇరవై డాలర్లు తెచ్చుకుంటాడు. తాకట్టు చీటీ ఎలాగో క్లబ్బు మనిషి చేతికే చేరుతుంది, గడియారం విడిపించుకుంటారు. తరువాతి మ్యాచ్‌కు బహుమతి ఏమిటి? అదే గడియారం. కొన్ని చోట్ల ఉద్యోగం ఇప్పిస్తారు. 1890లో శాన్ ఫ్రాన్సిస్కోలోని ఒలింపిక్ క్లబ్బు మీద ఉద్యోగాల ఆశ చూపి ఆటగాళ్లను లాగుతోందని ఫిర్యాదు వస్తే, యూనియన్ వాళ్లు ఇది పూర్తి ప్రొఫెషనలిజం కాదు, సగం ప్రొఫెషనలిజం అని తేల్చారు. సెమీ ప్రో అనే మాట అలా వాడుకలోకి వచ్చిందని చెబుతారు. ఇంకో దారి ప్రయాణ ఖర్చులు. పది డాలర్లయిన చోట ఇరవై అని రాసి ఇచ్చేయడం. నగదు మాత్రం చేతిలో పెట్టకూడదు. పెడితే ఇక దాపరికం లేనట్టే.

ఈ నేపథ్యంలో 1892 సీజన్ మొదలైంది. రెండు క్లబ్బుల మధ్య తగువు ఆటకు ముందే రాజుకుని ఉంది. పిట్స్‌బర్గ్ క్లబ్బులో విలియం కిర్ష్నర్ అని వ్యాయామ శిక్షకుడు ఉండేవాడు, అందరూ ప్రొఫెసర్ అని పిలిచేవాళ్లు. బలశాలి, జట్టులో ముందు వరుసలో నిలబడే గార్డుగా ఆడేవాడు. అతను క్లబ్బు జీతగాడు కాబట్టి ప్రొఫెషనల్ లెక్కే అని అల్లెఘెనీ వాదన. అదొక్కటే కాదు, ఫుట్‌బాల్ రోజులు రాగానే ఆయన చెప్పే పాఠాలు తగ్గుతాయి, జీతం పెరుగుతుంది, ఇదేం లెక్క అని ఎత్తిపొడుపు. వాదనలో పస ఉంది.

అక్టోబరు 21న రెండు జట్లూ తలపడ్డాయి. కొలంబస్ అమెరికా చేరి నాలుగు వందల ఏళ్లయిందని దేశమంతా సెలవు ఇచ్చి పండగ చేసుకున్న రోజది, జనం బాగా వచ్చారు. ఆట 6-6తో తేలకుండా ముగిసింది. అసలు రగడ తరువాత. పిట్స్‌బర్గ్ క్లబ్బు తరఫున స్టేయర్ అనే కొత్త మనిషి ఆడాడు. ఎవరీ స్టేయర్ అని ఆరా తీస్తే, అతను పెన్ స్టేట్ కాలేజీ జట్టు కెప్టెన్ ఎ.సి. రీడ్ అని బయటపడింది. దొంగ పేరుతో బయటి మనిషిని దింపారన్నమాట. ఊళ్లో టోర్నమెంట్ ఆడినవాళ్లెవరికైనా ఈ బాపతు కొత్తేమీ కాదు, కానీ ఇది పరువున్న పెద్దమనుషుల క్లబ్బు. పిట్స్‌బర్గ్ క్లబ్బు మేనేజరు జార్జ్ బార్బర్ ఏవేవో సంజాయిషీలు చెప్పుకున్నాడు. ఎవరూ నమ్మలేదు. పత్రికల్లో రెండు వైపులా ఉత్తరాలు, ఎదురు ఉత్తరాలు. నవంబరు 12న మళ్లీ ఆడదామని ముందే ఒప్పందం ఉంది. ఈ లోపు రెండు వైపులా పందేలు కాసేవాళ్లు డబ్బు సిద్ధం చేసుకున్నారు.

ఇక్కడే హెఫెల్‌ఫింగర్ వస్తాడు. విలియం వాల్టర్ హెఫెల్‌ఫింగర్, అందరికీ పడ్జ్. మిన్నియాపోలిస్ వాడు, 1867లో పుట్టాడు. ఆరడుగుల మూడంగుళాలు, దాదాపు రెండు వందల పౌన్లు. ఇప్పటి ముందు వరుస (లైన్) ఆటగాళ్ల పక్కన నిలబెడితే సన్నగా కనిపిస్తాడు గానీ ఆ రోజుల్లో కొండ. యేల్‌లో గార్డుగా ఆడి 1889, 1890, 1891 మూడేళ్లూ ఆల్ అమెరికా జట్టుకు, అంటే దేశంలోని మేటి కాలేజీ ఆటగాళ్ల జాబితాకు, ఎంపికయ్యాడు. అతను ఆడిన 1888 యేల్ జట్టు సీజన్ మొత్తం మీద 698 పాయింట్లు చేసి ప్రత్యర్థులకు ఒక్క పాయింటు కూడా ఇవ్వలేదు. అచ్చుతప్పు కాదు, ఆరు వందల తొంభై ఎనిమిదికి సున్నా. అంతకు ముందు గార్డు అంటే తన చోట నిలబడి ఎదుటివాణ్ణి నెట్టేవాడు. ఇతను లైన్‌లోంచి బయటికొచ్చి, బంతి పట్టుకున్నవాడి ముందు పరిగెత్తుతూ దారి చేసేవాడు. ఇప్పుడు ప్రతి జట్టూ చేసే పని అప్పట్లో వింత.

చదువయ్యాక హెఫెల్‌ఫింగర్ ఒమాహాలో ఒక రైల్వే ఆఫీసులో చిన్న ఉద్యోగం చేస్తున్నాడు. 1892 శరత్కాలంలో షికాగో అథ్లెటిక్ అసోసియేషన్ తూర్పు ప్రాంతానికి ఆరు మ్యాచ్‌ల పర్యటన వేసుకుంటే సెలవు పెట్టి వాళ్లతో వెళ్లాడు. ఆ క్లబ్బు ఆటగాళ్లకు ఖర్చులు రెండింతలు లెక్కగట్టి ఇచ్చేదని పేరు. పర్యటన తూర్పున సాగుతోంది, పిట్స్‌బర్గ్ దారిలోనే ఉంది. మేనేజర్ల కళ్లు పడకుండా ఉంటాయా?

నవ్వొచ్చే విషయం ఏమిటంటే, మొదట కన్నేసింది పిట్స్‌బర్గ్ క్లబ్బే. హెఫెల్‌ఫింగర్‌నూ, అదే షికాగో జట్టులోని నోల్టన్ ఏమ్స్‌నూ మనిషికి 250 డాలర్లిచ్చి పిలుస్తున్నారని, నమ్మేలా లేదు గానీ ఇలా అనుకుంటున్నారని అక్టోబరు చివర్లో స్థానిక పత్రికలో వార్త వచ్చింది. పేపర్లో పడ్డాక అల్లెఘెనీ వాళ్లకు తెలియకుండా ఎలా ఉంటుంది? తాడిదన్నేవాడుంటే వాడి తలదన్నేవాడు ఉంటాడు. అల్లెఘెనీ నేరుగా వాళ్లను కదిపింది. అమెచ్యూర్ పేరు పోతుందని ఏమ్స్ ఒప్పుకోలేదు. హెఫెల్‌ఫింగర్ లెక్క వేరు. ఆ పేరే పణంగా పెట్టాలంటే 250 చాలదు, 500 కావాలన్నాడు. అల్లెఘెనీ సరే అంది. అదే షికాగో జట్టుతో ఆ సీజన్ ఆడిన బెన్ డొనెల్లీ, ఎడ్ మాలీ కూడా వస్తామన్నారు, ప్రయాణ ఖర్చుల మీదే. డొనెల్లీని స్పోర్ట్ అని పిలిచేవాళ్లు. ముష్టిఘాతాలకు పేరుపడ్డవాడు.

మ్యాచ్ దగ్గరికి వెళ్లే ముందు మీ 4-0 సందేహం తీర్చేస్తాను. అప్పటి నిబంధనలు వేరు. టచ్‌డౌన్‌కు, అంటే బంతిని ఎదుటివాళ్ల చివరి గీత దాటించి నేలకు తాకిస్తే, 4 పాయింట్లు, తరువాత బంతిని గోల్ మీదుగా తంతే ఇంకో 2. మైదానంలో తన్నే ఫీల్డ్ గోల్‌కు 5, బంతి ఉన్నవాణ్ణి అతని సొంత గీత వెనకే ఆపేసే సేఫ్టీకి 2. అంటే కాలితో తన్నితే టచ్‌డౌన్ కంటే ఎక్కువ. పేరులో ఫుట్ ఊరికే లేదు. మూడు ప్రయత్నాల్లో అయిదు గజాలు దాటాలి. బంతిని ముందుకు విసరడం 1906 దాకా లేదు, కాబట్టి ఆట అంటే గుంపుగా కలబడి తోసుకోవడమే. హెల్మెట్ పెట్టుకునేవాడు అరుదు. దెబ్బ తగిలితే తప్ప మనిషిని మార్చరు, ఒక్కో సగం 45 నిమిషాలు. ఇది తెలిస్తే అక్టోబరు స్కోరు 6-6 కూడా అర్థమవుతుంది: ఇద్దరికీ చెరో టచ్‌డౌన్, చెరో గోల్.

నవంబరు 12, శనివారం. అల్లెఘెనీలోని రిక్రియేషన్ పార్కు. ఇప్పటి పైరేట్స్ బేస్‌బాల్ జట్టు తొలి రోజుల్లో ఆడిన మైదానం అది, నేటి స్టేడియానికి పెద్ద దూరం కాదు. జనం మూడు వేల దాకా వచ్చారు. ఆటకు ముందు అల్లెఘెనీ జట్టు ఒళ్లు వేడెక్కించుకుంటుంటే అందరికంటే తల పైకి కనిపిస్తున్న మనిషిని చూసి పిట్స్‌బర్గ్ క్లబ్బు వాళ్లకు గుండె జారింది. పక్కన డొనెల్లీ, మాలీ. ఇది అన్యాయం, మేం ఆడం అని మైదానం వదిలి వెళ్లిపోయారు. దొంగే దొంగ దొంగ అని అరిచినట్టు ఉంది కదూ? ఆ రోజు వాళ్లు కూడా బయటి ఊళ్ల నుంచి ఆటగాళ్లను తెచ్చుకునే వచ్చారు. కాకపోతే వీళ్లు తెచ్చినవాళ్ల కంటే అల్లెఘెనీ తెచ్చినవాడు పెద్దవాడు.

బేరసారాలు చాలాసేపు నడిచాయి. టిక్కెట్టు కొన్న జనం చలిలో నిలబడి చూస్తున్నారు. వాళ్లకు డబ్బు వాపసు ఇవ్వడం ఏ క్లబ్బుకూ ఇష్టం లేదు. చివరికి కుదిరిన రాజీ ఇది: పందేలన్నీ రద్దు, దీన్ని ఊరికే స్నేహపూర్వక ప్రదర్శన ఆటగా ఆడదాం. అల్లెఘెనీ మీద డబ్బు కాసినవాళ్లు తిట్టుకుని ఉంటారు. గెలుపు ఖాయమనుకున్న పందెం కళ్ల ముందే గాలిలో కలిసింది. ఇంత తతంగం అయ్యేసరికి పొద్దు వాలుతోంది కాబట్టి ఒక్కో సగాన్ని 30 నిమిషాలకు కుదించారు.

ఆట గురించి చెప్పడానికి ఎక్కువ లేదు. మొదటి సగంలో పిట్స్‌బర్గ్ ఆటగాడి చేతిలోంచి బంతి జారింది. హెఫెల్‌ఫింగర్ దాన్ని అందుకుని ముప్పై గజాలకు అటూ ఇటుగా పరిగెత్తి టచ్‌డౌన్ చేశాడు. గోల్ తన్నడం తప్పింది. నాలుగు పాయింట్లు. ఆ తరువాత ఇద్దరూ మట్టిలో పొర్లాడుకోవడమే. రెండో సగం పూర్తి కాకముందే చీకటి పడి ఆట ఆపేశారు. 4-0. పాయింట్లన్నీ డబ్బు తీసుకున్నవాడే చేశాడు, ఇచ్చినవాళ్లకు గిట్టుబాటైంది.

నన్నడిగితే ఈ సీజన్‌లో అసలు చూడాల్సింది మ్యాచ్ కాదు, దాని జమాఖర్చుల కాగితం. ఒహాయోలోని కాంటన్‌లో ప్రో ఫుట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్ అనే మ్యూజియం ఉంది. పిట్స్‌బర్గ్ నుంచి కారులో రెండు గంటలు. మొదటిసారి వెళ్లినప్పుడు మా అబ్బాయి కప్పులూ హెల్మెట్లూ చూస్తానని లాక్కెళ్తుంటే నేను ఆ పద్దుల ముందు ఆగిపోయాను. నేను ఉద్యోగరీత్యా లెక్కలవాణ్ణి, ఆ జబ్బు అలాంటిది. ఆ మ్యాచ్‌కు గేటు వసూలు 1,683 డాలర్ల 50 సెంట్లు. ఖర్చులు: ఎదుటి జట్టుకు ఇస్తామన్న మొత్తం 428, మైదానం అద్దె 50, డొనెల్లీ, మాలీ, హెఫెల్‌ఫింగర్ల ప్రయాణ ఖర్చు 75, ఆ ముగ్గురి హోటల్ బిల్లు 9. ఆ తరువాతి పద్దు, హెఫెల్‌ఫింగర్‌కు ఆడినందుకు నగదు 500.

ఆడినందుకు. నగదు. ఈ రెండు మాటలే అసలు సాక్ష్యం. ప్రయాణ ఖర్చు కింద వేయవచ్చు, హోటల్ కింద వేయవచ్చు, గడియారం అని రాయవచ్చు. పైన ముగ్గురికీ కలిపి ప్రయాణ ఖర్చు వేసేశారు కాబట్టి, అంటే మనిషికి 25, ఇక 500కు వేరే ముసుగు మిగల్లేదు. క్లబ్బు ఖాతా క్లబ్బు సభ్యులకే కదా అనుకుని ఉన్నదున్నట్టు రాసేశారు. బయట పత్రికలకు ఎన్ని కథలు చెప్పినా లోపల లెక్క మాత్రం తప్పు రాయలేకపోయారు. లెక్కలు రాసేవాళ్లకు ఆ ఇబ్బంది తెలుసు. ముసుగేసిన పద్దు ఏడాది చివర్లో ఎక్కడో ఒకచోట అడ్డం తిరుగుతుంది.

ఇంత ఖర్చు పోగా క్లబ్బుకు 621 డాలర్ల చిల్లర మిగిలింది. వచ్చిన జనంతో గేటు వసూలును భాగిస్తే తలకు అర డాలరు పైమాటే. 500 డాలర్లు పెట్టి తెచ్చిన మనిషి తన ఖర్చు తాను రాబట్టి పైన లాభం కూడా చూపించాడు. ఇంకో సంగతి గమనించారా? అన్యాయం అన్యాయం అని అరిచిన పిట్స్‌బర్గ్ క్లబ్బు 428 డాలర్లు తీసుకునే వెళ్లింది.

500 అంటే ఆ రోజుల్లో ఎంతో తెలియాలంటే ఊరి పరిస్థితి తెలియాలి. 1892 పిట్స్‌బర్గ్ అంటే చరిత్ర చదివినవాళ్లకు గుర్తొచ్చేది ఫుట్‌బాల్ కాదు, హోమ్‌స్టెడ్. ఊరికి కొన్ని మైళ్ల దూరంలో కార్నెగీ ఉక్కు కర్మాగారం ఉన్న చోటు. కార్మిక యూనియన్‌ను వదిలించుకోవాలని యాజమాన్యం గేట్లు మూసేస్తే, జులై 6న నది ఒడ్డున కార్మికులకూ కంపెనీ తెప్పించిన పింకర్టన్ అనే ప్రైవేటు ఏజెన్సీ కాపలా మనుషులకూ మధ్య కాల్పులు జరిగాయి. రెండు వైపులా ప్రాణాలు పోయాయి. రాష్ట్ర మిలీషియా వచ్చి వారాల తరబడి ఊళ్లో తిష్ఠ వేసింది. నవంబరు 20న కార్మికులు చేతులెత్తేశారు. మన మ్యాచ్‌కు సరిగ్గా ఎనిమిది రోజుల తరువాత. ఆ కర్మాగారంలో మామూలు కూలీకి కొలిమి దగ్గర రోజంతా పనిచేస్తే రెండు డాలర్లు కూడా వచ్చేవి కావు. హెఫెల్‌ఫింగర్ ఒక్క మధ్యాహ్నం సంపాదన అతని రెండు వందల యాభై రోజుల కష్టం కంటే ఎక్కువ. కూలివాడిలా డబ్బు కోసం ఆడటం నామోషీ అనుకున్న క్లబ్బుల దగ్గర కూలీ రేట్లు ఇవి.

వారం తిరిగేసరికి, నవంబరు 19న, అల్లెఘెనీ వాషింగ్టన్ అండ్ జెఫర్సన్ కాలేజీతో ఆడింది. హెఫెల్‌ఫింగర్ వెళ్లిపోయాడు. ఈసారి డొనెల్లీకి 250 డాలర్లు ఇచ్చారు. లెక్క ప్రకారం ప్రొఫెషనల్ ఆటగాళ్లలో అతను రెండోవాడు. ఫలితం మాత్రం అల్లెఘెనీకి 0-8 ఓటమి. డబ్బు పోసి కొన్నా కాలేజీ కుర్రాళ్ల ముందు నిలవలేదు. రెండోవాణ్ణి ఎవరూ గుర్తుపెట్టుకోరంటారు గానీ, డొనెల్లీ గెలిచి ఉంటే కాస్త ఎక్కువ గుర్తుండేవాడేమో. అదే రోజు, అదే తారీఖు, తూర్పున హార్వర్డ్ జట్టు యేల్ మీద ఫ్లయింగ్ వెడ్జ్ అనే పేరుమోసిన గుంపు దాడిని మొదటిసారి ప్రయోగించింది. ఫుట్‌బాల్ చరిత్రలో అందరూ చెప్పుకునేది దాని గురించే. డొనెల్లీ 250 డాలర్ల మ్యాచ్‌ను పట్టించుకున్నవాళ్లు తక్కువ.

ఇక గుట్టు సంగతి. మ్యాచ్ అయ్యాక రెండు క్లబ్బులూ తేలు కుట్టిన దొంగల్లా ఊరుకున్నాయి. ఒకరిని ఇంకొకరు బయటపెడితే తమ లొసుగులూ బయటపడతాయి. అమెచ్యూర్ యూనియన్ వేటు పడితే ఫుట్‌బాల్ ఒక్కటే కాదు, క్లబ్బులో మిగతా ఆటలన్నీ దెబ్బతింటాయి. హెఫెల్‌ఫింగర్‌కు కూడా నోరు మెదపకపోవడమే మేలు. ఆ తరువాత అతను కాలేజీ జట్లకు కోచ్‌గా పనిచేశాడు, కాలేజీ ఫుట్‌బాల్ మహామహుల్లో ఒకడిగా పేరు తెచ్చుకున్నాడు, 65 ఏళ్ల వయసులో కూడా ఒక చారిటీ మ్యాచ్ ఆడాడు. 1954లో పోయేదాకా డబ్బు తీసుకున్నానని బయట ఒప్పుకోలేదు.

అందువల్ల చాలాకాలం మొదటి ప్రొఫెషనల్ అంటే జాన్ బ్రాలియర్ అనే చెప్పుకునేవాళ్లు. పిట్స్‌బర్గ్‌కు తూర్పున ఉన్న లాట్రోబ్ ఊరి జట్టు 1895లో అతనికి పది డాలర్లూ ఖర్చులూ ఇచ్చి ఒక మ్యాచ్ ఆడించింది. అతను తీసుకున్నానని ధైర్యంగా చెప్పుకున్నాడు కాబట్టి ఆ గౌరవం అతనికే దక్కింది. 1960ల్లో నెల్సన్ రాస్ అనే పరిశోధకుడు తను టైపు చేసిన వ్యాసం ఒకటి పట్టుకుని స్టీలర్స్ ఆఫీసుకు వచ్చి, ఆ జట్టు యజమానుల కుటుంబానికి చెందిన డాన్ రూనీ చేతికిచ్చాడు. పాత పత్రికలన్నీ తిరగేసి అల్లెఘెనీ, పిట్స్‌బర్గ్ క్లబ్బుల గొడవను తవ్వి తీసినది అందులో ఉంది. ఆ తరువాత పద్దుల కాగితం కూడా తోడై బ్రాలియర్ వెనక్కి జరిగాడు. పది డాలర్ల మనిషిని ఐదు వందల మనిషి పక్కకు నెట్టడం చూస్తే నాకెందుకో బ్రాలియర్ మీదే జాలి కలుగుతుంది. నిజం చెప్పినవాడు అతను కదా.

ఇక మీ అసలు ప్రశ్న, జట్టు సంగతి. 1892 అల్లెఘెనీ జట్టులో హెఫెల్‌ఫింగర్ ఒక్కడు ఒక్క మ్యాచ్‌కు, డొనెల్లీ ఒక్కడు ఇంకో మ్యాచ్‌కు డబ్బు తీసుకున్నట్టు లెక్కల్లో ఉంది. మిగతావాళ్లు క్లబ్బు సభ్యులు, ఊరికే ఆడినవాళ్లు. దాన్ని ప్రొఫెషనల్ జట్టు అనడం అంటే, పెళ్లికి వంటమనిషిని పిలిచినంత మాత్రాన ఆ ఇంటిని హోటల్ అన్నట్టు. కానీ ఆ ఏడాది గేటు లాభం చూశాక అందరికీ రుచి తెలిసింది. 1893లో పిట్స్‌బర్గ్ క్లబ్బు సీజన్ మొత్తానికి ఒక ఆటగాడితో కాగితం రాయించుకుంది. మనకు తెలిసినంతలో అదే మొదటి కాంట్రాక్టు. గ్రాంట్ డిబర్ట్‌తో అయి ఉంటుందని అంచనా. అదే ఏడాది అల్లెఘెనీ ముగ్గురికి మ్యాచ్‌కు యాభై డాలర్ల చొప్పున ఇచ్చింది. అయిదు వందల నుంచి యాభైకి దిగింది, అయినా ఏటా ఒకసారి కాకుండా ప్రతి మ్యాచ్‌కూ. జీతం అనదగ్గది ఇదీ.

పూర్తిగా డబ్బు తీసుకున్నవాళ్లతోనే దిగిన మొదటి జట్టు కావాలంటే 1896కు వెళ్లాలి. అది కూడా అల్లెఘెనీయే. అప్పటికి నగదు వ్యవహారం బయటపడి అమెచ్యూర్ యూనియన్ ఆ క్లబ్బును శాశ్వతంగా బహిష్కరించింది. ఇక దాచడానికేముంది? మునిగినవాడికి చలేమిటి అన్నట్టు, పేరున్న కాలేజీ ఆటగాళ్లను డబ్బిచ్చి పిలిపించి రెండే రెండు మ్యాచ్‌ల సీజన్ ఆడారు. నవంబరు 10, 11, వరుసగా రెండు రోజులు. ఆ జట్టులో హెఫెల్‌ఫింగర్ కూడా ఉన్నాడు. మొదటి రోజు డ్యూకేన్ అనే మరో స్థానిక క్లబ్బును, రెండో రోజు పాత విరోధి పిట్స్‌బర్గ్ క్లబ్బును ఓడించారు. తరువాత జట్టు రద్దయింది.